మంద కుక్కపిల్ల, పట్నం ఇల్లు

కర్నూలులో ఎవరైనా కుక్కపిల్లను తెచ్చుకుంటే చాలు, సలహాలు దానికంటే ముందే గడప తొక్కుతాయి. పక్కింటాయన పేపరు చుట్టి కొట్టమంటాడు. మేడమీది వాళ్లు దెబ్బ వేయొద్దు, బిస్కెట్టు పెట్టమంటారు. ఒకరు టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటించొద్దంటారు, ఇంకొకరు ఈ నెలలోనే నాలుగు వీధులూ చూపించాలంటారు. అందరూ ఢంకా బజాయించి చెప్పేవాళ్లే. వినాల్సిన ప్రాణి మాత్రం ఒక్కటే.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. ఒకరు రోళ్లపాడు చుట్టుపక్కల బీళ్లలో గొర్రెలు మేపుతూ జుట్టు నెరిసిన చిన్నాయన. రెండో ఆమె ఆయన అన్న కూతురు. కర్నూలు సి.క్యాంపులో కాపురం, బడిలో టీచరు ఉద్యోగం. ఆయన మందలో పుట్టిన రెండు నెలల మగపిల్లను ఆమె తెచ్చుకుంది. అదెలా ఉందో చూడటానికి ఆయన వచ్చాడు. ఈ జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో జరిగే వాదాన్ని వీళ్లిద్దరి నోట పెట్టాను. నా మొగ్గు కూతురి వైపే, దాచను. కానీ చిన్నాయన చివర్లో అడిగిన ప్రశ్న ఆమెను కదిలించింది, నన్నూ కదిలించింది.

చిన్నాయన: ఏం పాపా, కూర్చున్నందుకు కూడా కూలి ఇస్తాండావా? కూర్చున్నప్పుడల్లా గుడ్డుముక్క పెడతాండావే.

కూతురు: ఇస్తా చిన్నాయనా. రెండు నెలల పిల్లకు "కూర్చో" అంటే ఏం తెలుసు? ఒళ్లు నేలకు ఆనిన ఆ క్షణంలోనే ఏదో మంచి జరిగితే ఆ మాటకూ ఆ పనికీ ముడి పడుతుంది. ముడి పడినాక ప్రతిసారీ పెట్టక్కర్లేదు. ఒకసారి పెట్టి, రెండుసార్లు ఊరికే మెచ్చుకుని, మళ్లీ పెడితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పెట్టేది కూడా దాని రోజు తిండిలోంచి తీసిందే. గుడ్డుముక్క, ఎండిన జొన్నరొట్టె తునక. కొన్న బిస్కెట్లు కావు.

చిన్నాయన: నా కుక్కలకు దినానికి ఒక్కసారే. మాపటికి గొర్రెలన్నీ లోపల పడి, ముళ్లకంప అడ్డం వేసినాక సంగటి. అంతవరకు అవి పని చేస్తాయి, నేను పని చేస్తా. ముక్క కోసం పని చేసే కుక్క ముక్క ఉన్నోని వెంట పోతుంది. రాత్రి గొర్రెల దొంగ మాంసం వేస్తే నీది తోక ఊపుతుంది.

కూతురు: నీ కుక్కలు దొంగను చూసి ఏంటికి మొరుగుతాయి? సంగటి ఒక్కసారే పెట్టినావనా? నువ్వెవరో, పరాయోడెవరో పసితనంలోనే తెలిసింది కాబట్టి. అయినా సంగటి పెట్టే చెయ్యి నీదే కదా, దాని వెనకే కదా తిరుగుతాయి.

చిన్నాయన: నా వెనక తిరగవు పాపా. అదే నువ్వు తెలుసుకోవాల్సింది. మంద వెనక తిరుగుతాయి. మాకు ఒక ఊరని, ఒక చేనని లేదు. ఈ రాత్రి ఒక రైతు చేన్లో మంద పెడతాం. ఎరువు పడుతుందని ఆయన గింజలో దుడ్డో ఇస్తాడు. నాలుగు రాత్రులయినాక ఇంకో చేను. కుక్కకు ఈ గోడ, ఈ గేటు అని కాపలా కాసేదానికి ఏముండాది? గొర్రెలు యాడుంటే అదే ఇల్లు. తల్లికుక్క మంద పక్కనే ఈనుతుంది. పిల్ల కండ్లు తెరిచేసరికి చుట్టూ గొర్రెలు. వాసన గొర్రెలది, వెచ్చదనం గొర్రెలది. కొంచెం పెద్దదైనాక ఆటకని గొర్రెపిల్ల తోక పట్టుకుంటుంది. తల్లిగొర్రె వచ్చి ఒక్క పోటు పొడుస్తుంది. అయిపోయె. నేను చెప్పేది ఏమీ లేదు, కొట్టేది ఏమీ లేదు.

కూతురు: ఇప్పుడు నువ్వు చెప్పింది డార్విన్ ఉరుగ్వేలో చూసి రాసినాడు, తెలుసా? 1833లో. అక్కడ కాపరులు కుక్కపిల్లను బాగా పసిగా ఉన్నప్పుడే తల్లి నుంచి తీసేసి, రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రెను పట్టి పాలు తాగిస్తారంట. మంద దొడ్డిలో ఉన్నితో పడక వేస్తారంట. వేరే కుక్కలతో, ఇంటి పిల్లలతో కలవనివ్వరంట. పెద్దదై ఇంటికి మాంసం కోసం వచ్చినా, పెట్టగానే సిగ్గుపడినట్టు నక్కుతూ మందలోకి పోతుందంట. ఆ తర్వాత అమెరికాలో రేమండ్ కాపింజర్ అనే ఆయన, ఆయన భార్య, 1970ల నుంచి మందకుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసినారు. వాళ్లు తేల్చింది కూడా అదే. జాతి ఎంత మంచిదైనా సరే, నాలుగు నెలలు నిండకముందు గొర్రెల మధ్య పెరగని కుక్క గొర్రెలను తనవాళ్లనుకోదు.

చిన్నాయన: చూసినావా మరి. మేము చేసేదే పుస్తకంలో ఉండాది.

కూతురు: ఉంది. కానీ నీ పుస్తకంలో ఒక పేజీ లేదు చిన్నాయనా. గొర్రెపిల్లను తరిమి కరిచే పిల్ల ఒకటి పుడితే ఏం చేస్తావు?

చిన్నాయన: ఎవరికైనా ఇచ్చేస్తా. లేదంటే ఊర్లో వదిలేస్తా.

కూతురు: అదీ సంగతి. నీ దగ్గర మిగిలినవన్నీ మంచివే, ఎందుకంటే చెడ్డవాటిని నువ్వు ఉంచుకోలేదు. "నా పద్ధతిలో చెడిన కుక్క లేదు" అని నువ్వంటే, చెడినవి నీ కండ్లముందు లేవని అర్థం. నాకు ఈ ఒక్కటే ఉంది. ఇది సరిగ్గా నేర్చుకోకపోతే పంపించేదానికి ఇంకో చోటు లేదు.

చిన్నాయన: (కొంచెంసేపు ఊరుకుని) ఆ మాట నిజమే. అయితే నీ పట్నమోళ్లు మాత్రం? వెయ్యి రూపాయల బెల్టు వేసి, ఏడాది తిరక్కముందే హంద్రీ ఒడ్డున దింపి పోయేటోళ్లను నేను చూసినా. మీ లెక్కలోకీ అవి రావు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. సలహా ఇచ్చేవాళ్లలో చాలామంది తమ దగ్గర నిలిచిన కుక్కలను చూపించి మాట్లాడతారు. శిక్షకుడి దగ్గరికి రెండో నెల రాని కుక్క ఏమైందో ఆయనకు తెలియదు. వీడియోలో చక్కగా నడిచే కుక్కకు ముందు ఎన్ని కుక్కలను తీసి పక్కన పెట్టారో మనకు తెలియదు. చిన్నాయనను ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్న, "కుదరని పిల్లను ఏం చేస్తారు?" అన్నది, సలహా ఇచ్చే ప్రతివారినీ అడగదగ్గది.

కూతురు: ఇంకొకాయన సలహా చెప్తా విను. కుక్కలకు నేర్పే ఆయన ఒకరు వచ్చి చూసి, "ఇంట్లో మీరే నాయకురాలని దానికి తెలియాలి. మీరు తిన్నాకే దానికి పెట్టండి. గుమ్మం మీరే ముందు దాటండి. ఎదురు తిరిగితే వెల్లకిలా పడేసి, లొంగేదాకా అదిమి పట్టండి. తోడేళ్ల గుంపులో పెద్ద తోడేలు చేసేది ఇదే" అన్నాడు.

చిన్నాయన: ఆయన తోడేలును యాడ చూసినాడంట?

కూతురు: ఆయన చూడలేదు. ఆ మాట మొదలైంది స్విట్జర్లాండులో. బాసెల్ జంతు ప్రదర్శనశాలలో చిన్న ఆవరణలో మూసి ఉంచిన తోడేళ్లను రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన గమనించి 1947లో రాసినాడు. అవి పెత్తనం కోసం కొట్లాడుకుంటాయని.

చిన్నాయన: మూసిపెట్టినవా! నాలుగు పొట్టేళ్లను ఒక కొట్టంలో మూసినా తలకాయలు పగలగొట్టుకుంటాయి. అది చూసి గొర్రె బుద్ధి ఇదే అంటే ఎట్ల? రోళ్లపాడు బీళ్లలో నేను చూసిన తోడేళ్లు ఒక ఆడది, ఒక మగది, వాటి పిల్లలు. ఒక్కోసారి పోయిన ఏటి పిల్ల ఒకటో రెండో. ఆడది బొరియ దగ్గర ఉంటే మగది వేటకు పోతుంది. అది వచ్చినాక పిల్లలు దాని మూతి నాకుతాయి, అది కక్కి పెడుతుంది. పెద్దవి ఎట్ల పోతే చిన్నవి అట్ల పోతాయి. సంసారం పాపా అది. అదిమి పట్టేది నేనెన్నడూ చూడలేదు. నా గొర్రెలను తిన్న జంతువే, అయినా లేనిది చెప్పకూడదు.

కూతురు: డేవిడ్ మెక్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ మాట చెప్పేదానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1970లో ఆయన రాసిన తోడేళ్ల పుస్తకమే ఆ పెత్తనం మాటను అంతటా పాకించింది. తర్వాత కెనడాలో మంచుదీవిలో, మనిషికి బెదరని తోడేళ్లను ఎండాకాలం ఎండాకాలం దగ్గరనుంచి చూసినాడు. 1999లో, "అడవిలో గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలు, పెత్తనం కోసం పోరు అనేది దాదాపు లేదు" అనే అర్థంలో వ్యాసం రాసినాడు. తన పాత పుస్తకం అచ్చు వేయొద్దని ప్రచురణకర్తలను ఏళ్ల తరబడి అడిగినాడు. కుక్కను వెల్లకిలా పడేసి అదమమన్న సలహా 1978లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక మఠం సన్యాసులు రాసిన పుస్తకంతో ఇంటింటికీ పోయింది. తరువాతి కూర్పులో వాళ్లే దాన్ని వద్దన్నారు. కానీ సలహా ఒకసారి బయటికి వస్తే వెనక్కి పోదు. ఇప్పుడు సి.క్యాంపులో నా గుమ్మం దగ్గరికి వచ్చింది.

చిన్నాయన: తోడేలును చూడనోడు తోడేలు పేరు చెప్పి నేర్పితే ఇట్లే ఉంటుంది. ఆయన్ని మళ్లీ పిలవద్దు.

(చిన్నాయనకు మెక్ తెలియదు. మెక్‌కు రోళ్లపాడు తెలియకపోవచ్చు. 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యంగా ప్రకటించిన ఆ గడ్డిబీళ్లలో నల్లజింకలతోపాటు తోడేళ్లూ ఉన్నాయి. వాటితో రోజూ వైరం ఉన్న మనిషి సాక్ష్యమూ, వాటి కోసం జీవితం పెట్టిన శాస్త్రవేత్త సాక్ష్యమూ ఒక్కటయ్యాయి. మధ్యలో పుట్టిన సలహాకు నిలబడే చోటు లేదు.)

చిన్నాయన: కానీ దెబ్బే వద్దనే మాట నేను ఒప్పుకోను. గొర్రె పొడిచిందని చెప్తి కదా. అదీ దెబ్బే.

కూతురు: ఆ పోటుకూ మన దెబ్బకూ చాలా తేడా ఉంది. తోక పట్టిన క్షణంలోనే గొర్రె పొడిచింది. ఒక్కటే పొడిచింది. మరుక్షణం అంతా మామూలే. పట్నంలో ఏం జరుగుతుంది? సాయంత్రం ఇంటికొస్తాం. మధ్యాహ్నం ఎప్పుడో కొరికిన చెప్పు కనిపిస్తుంది. పిలుస్తాం, అది తోక ఊపుతూ వస్తుంది, కొడతాం. అది నేర్చుకునేది చెప్పు కొరకొద్దని కాదు. పిలిస్తే పోవద్దని. ఉచ్చ పోసిన చోట ముక్కు రాయమంటారు, అదీ ఇంతే. చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ మధ్య ఒకటి రెండు క్షణాలు దాటితే కుక్కకు ఆ రెండూ కలవవు.

చిన్నాయన: చేస్తాండంగానే కొడితే?

కూతురు: అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 2009లో ఒక పరిశీలన అచ్చు వేసినారు. కుక్కల యజమానులను అడిగినారు, మీరు ఏం చేసినారు, అది ఏం చేసింది అని. కొట్టడమో తన్నడమో చేసినామన్నవాళ్ల కుక్కల్లో నూటికి 43 తిరగబడినాయంట. వెల్లకిలా పడేసి అదిమితే నూటికి 31.

చిన్నాయన: ఎవరి కుక్కలవి? ఊరికే ఉన్న కుక్కలా?

కూతురు: కాదు. ప్రవర్తన బాగాలేదని ఆసుపత్రికి తెచ్చిన కుక్కలు.

చిన్నాయన: అట్ల చెప్పు! ముందే కరిచే కుక్కలను కొడితే కరిచినాయి. దాన్ని తెచ్చి అన్ని కుక్కలకూ కొలత పెడితే ఎట్ల? ఇందాక నా చెడ్డ కుక్కలు లెక్కలోకి రాలేదంటివి. ఇప్పుడు నీ మంచి కుక్కలు లెక్కలోకి రాలేదు.

కూతురు: సరిగ్గానే పట్టుకున్నావు. అందుకే ఇంకోటి చెప్తా. పోర్చుగల్‌లో 2020లో, మామూలుగా శిక్షణ బడికి పోయే 92 ఇంటి కుక్కలను చూసినారు. కొన్ని బళ్లలో మెచ్చుకుని ముక్క పెట్టి నేర్పేవాళ్లు, కొన్నిట్లో గుంజి, అరిచి, కొట్టి నేర్పేవాళ్లు. రెండో రకం కుక్కలకు శిక్షణ సమయంలో నాలుక చప్పరించడం, ఆవులించడం, ఒదిగిపోవడం ఎక్కువ. ఉమ్మిలో ఒత్తిడి హార్మోను పెరిగింది. తర్వాత గిన్నె పెట్టే పరీక్షలో, ఆ గిన్నెలో ఏమీ ఉండదేమో అనుకుని మెల్లగా నడిచినాయి. బడిలో లేనప్పుడు కూడా వాటికి ఆశ తగ్గింది చిన్నాయనా. నా పిల్ల అట్లా కావడం నాకిష్టం లేదు.

చిన్నాయన: (పిల్లను ఒళ్లోకి తీసుకుని) గొలుసు గుంజి నేర్పేది మనోళ్ల పని కాదులే. అది పోలీసోళ్ల పని.

కూతురు: ఆ మాట దగ్గరదగ్గర నిజమే. జర్మనీ పోలీసు కుక్కలకు నేర్పిన కొన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకం నుంచే గుంజుడు పద్ధతి యుద్ధాల మీదుగా లోకమంతా పాకింది.

దెబ్బ మాట వచ్చింది కనుక నాకొకటి గుర్తొస్తోంది. మన భారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సారమేయం అక్కడికి వస్తుంది. రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పోతుంది. వ్యాసుడు చెప్పిన కథలో తల్లి వెంటనే శపించడానికి బయలుదేరదు. నువ్వేదో తప్పు చేసి ఉంటావని ముందు పిల్లనే నిలదీస్తుంది. హవిస్సును చూడనైనా చూడలేదు, నాకలేదు అని అది చెప్పాకే రాజసభకు పోయి అడుగుతుంది. జవాబు రాకపోయేసరికి, కనిపించని భయం మీకు వస్తుందని అంటుంది. నన్నయ తెలుగులోకి తెచ్చిన తొలి కథల్లో ఇది ఒకటి. మైలారలింగని భక్తులైన గొరవయ్యలకు దేవుని ముందు కుక్క మాదిరి మొరిగే ఆచారం ఉంది. ఇంత గౌరవం ఎరిగిన నేల మీద, చెప్పు కొరికిన పిల్లను గంటల తర్వాత కొట్టడం నాకు మింగుడుపడదు. సరమ అడిగినపాటి విచారణ అయినా ముందు జరగాలి.

చిన్నాయన: ఉచ్చ సంగతి అడుగుతా. మందలో ఎన్నడూ ఈ బాధ లేదు. ఇక్కడ ఇల్లంతా పోస్తాండాది, నువ్వు గుడ్డ పట్టుకుని తిరుగుతాండావు.

కూతురు: అది నీ మన్ను మీద పెరిగింది. కాలి కింద మన్ను ఉంటే పోయాలని దానికి తెలుసు. ఇక్కడ హాలు కడప బండ, వసారా కడప బండ, ఆఖరికి బయట కూడా బేతంచెర్ల బండే పరిచినారు. ఇల్లు యాడ అయిపోయిందో బయలు యాడ మొదలైందో పిల్లకు ఎట్లా తెలుస్తుంది? అందుకే గేటు పక్కన ఒక మూల బండ లేపించి మన్ను పోయించినా. నిద్ర లేవంగానే, తిన్నాక, ఆడినాక అక్కడికి తీసుకుపోతా. పోసిన వెంటనే మెచ్చుకుంటా. లోపల పోస్తే ఏమీ అనను, కడిగేస్తా. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. అది దాని తప్పు కాదు.

చిన్నాయన: ఇది బాగుండాది. బయటికి ఏంటికి తీసుకుపోవడం లేదు? మనుషులను, బండ్లను చూడకపోతే పిరికిది అవుతుంది.

కూతురు: ఇక్కడా రెండు సలహాలు. టీకాలు అయ్యేదాకా నేల మీద పెట్టొద్దంటారు. పార్వో వైరసు 1978లో బయటపడింది, కుక్కపిల్లల ప్రాణం తీస్తుంది, మట్టిలో నెలల తరబడి చావదు. ఇంకోవైపు, మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా చూసినవే కుక్కకు మామూలువి అవుతాయి, తర్వాత చూసేవి భయం పుట్టిస్తాయి. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఎన్నో ఏళ్లు కుక్కపిల్లలను పెంచి, గమనించి ఈ సంగతి 1965లో పుస్తకంలో వేసినారు. ఆ వారాలు గడిచేసరికి టీకాలు ఇంకా పూర్తికావు. అందుకే రెండూ వింటున్నా. మొదటి టీకా అయింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో రాజ్ విహార్ సెంటరు దాకా పోతా. బస్సుల హారన్లు, గొడుగులు, బురఖాలు, హెల్మెట్లు, అన్నీ చూస్తుంది. కాలు మాత్రం నేల మీద పెట్టనివ్వను. టీకా వేసిన కుక్కలున్న ఇళ్లకు తీసుకుపోతా.

చిన్నాయన: కడపలో కుక్కను తెచ్చుకున్న నీ స్నేహితురాలికీ ఇదే చెప్తివా?

కూతురు: ఆమెది లాబ్రడార్. వేరే కత. చలి సముద్రం ఉండే న్యూఫౌండ్లాండ్ నుంచి వచ్చిన కుక్కల సంతతి, వేటాడిన పక్షిని నోట కరుచుకుని తెచ్చేదానికి బ్రిటన్‌లో పెంచిన జాతి. కనిపించిందల్లా నోట పెట్టుకోవడం దాని పుట్టుక. నీ పద్ధతిలో దాన్ని మందలో వేస్తే గొర్రెపిల్లను మోసుకొచ్చి నీ కాళ్ల దగ్గర పెడుతుంది. దట్టమైన బొచ్చు. కడప ఎండలో పొద్దెక్కినాక దానికి పాఠం పెట్టడమే పాపం. కుక్కకు మన మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దారి. తెల్లవారుజామున, లేదంటే బండ చల్లారినాక. అరచెయ్యి కాసేపు ఆనించలేని బండ మీద దాన్ని నడిపించొద్దని చెప్పినా.

చిన్నాయన: నీ ఇంట్లోనే ఒక తప్పు ఉండాది. నేను వచ్చినప్పటినుంచి చూస్తాండా. మీ అత్త "కూచో" అంటది. పిల్లోడు "సిట్" అంటాడు. మీ ఆయన చిటికె వేస్తాడు. సోఫా ఎక్కితే ఒకరు దింపుతారు, ఒకరు ముద్దు చేస్తారు. నాది ఈల ఒకటి, నాలుక చప్పుడొకటి, పేరొకటి. మూడే. నేను మాట మార్చను. పద్ధతి మంచిదో చెడ్డదో తర్వాత, ముందు ఇంటికి ఒక మాట ఉండాల.

కూతురు: దీనికి నా దగ్గర ఎదురు లేదు. గోడ మీద రాసి పెడతా, అందరూ అవే మాటలు వాడాలని.

చిన్నాయన: ఇంకోటి అడుగుతా. నువ్వు బడికి పోయినాక ఇది యాడ ఉంటుంది?

కూతురు: మెట్ల కింద. నీడే. నీళ్లు పెట్టే పోతా. అత్తమ్మ మోకాళ్లతో దాని వెనక తిరగలేదు, అందుకని... గొలుసు వేస్తా.

చిన్నాయన: ఎంతసేపు?

కూతురు: తొమ్మిదింటి నుంచి అయిదింటి దాకా.

చిన్నాయన: పొద్దున అయిదు నిమిషాలు గుడ్డుముక్కల బడి. మాపు అయిదు నిమిషాలు. నడుమ ఎనిమిది గంటలు గొలుసు. ఏ బడిలో ఎక్కువ నేర్చుకుంటుంది పాపా? కొట్టాల్నా, పెట్టాల్నా అని మనం ఇంతసేపు కొట్లాడింది ఆ పది నిమిషాల గురించి. నా కుక్కకు తెల్లవారితే నడక, మంద, ఎండ, వాసన, పని. చీకటి పడితే కాపలా. దాన్ని నేనెన్నడూ కట్టెయ్యలేదు. దానికి నేను నేర్పింది తక్కువే. దినమంతా అదే నేర్పింది. నీ పిల్లకు దినమంతా ఏం నేర్పుతాంది? గేటు చప్పుడైతే మొరుగు, గొలుసు అందినంతవరకు దుంకు, ఎవరూ రారు, అరిచి అరిచి పండుకో. ఆర్నెల్లకు నీ గుడ్డుముక్కకు కూర్చుంటుంది, పాలోణ్ణి కరుస్తుంది.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్న ముందు నేనూ ఆగిపోయాను. మంచి పద్ధతి, చెడ్డ పద్ధతి అని మనం వాదించుకునే చోటుకు బయట, గొలుసు దగ్గర, కుక్క తన బతుకు నేర్చుకుంటూ ఉంటుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా దెబ్బతోపాటు ఈ సంగతీ రాసింది. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో అసమంజసంగా ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరమని. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు, ఆ నాటి లెక్కే. అంత చిన్న జరిమానా కుక్క మెడను కాపాడలేదు. ఇంట్లోవాళ్లే కాపాడాలి.

కూతురు: నీ కుక్కలు కట్టు లేకుండా తిరుగుతాయి, సరే. పోయిన ఏడు బైకు మీద పోయేవాణ్ణి ఒకటి కరిచింది, నువ్వే చెప్పినావు. ఆ కుక్కకు రేబిస్ టీకా ఉందా?

చిన్నాయన: లేదు. ఆయన సున్నం రాసుకుని పోయినాడు.

కూతురు: సున్నం రాయకూడదు చిన్నాయనా, పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి ఆసుపత్రికి పోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడినాక మనిషి బతకడం దాదాపు లేదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో దాదాపు అంతా కుక్క కాటుతోనే. నీ పద్ధతిలో కుక్కకు స్వేచ్ఛ ఉంది, దారిన పోయేవాడికి రక్షణ లేదు. నా గొలుసు తప్పే. నీ టీకా లేకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

చిన్నాయన: అయితే ఒక మాట. ఈ గొలుసు ఇట్లే ఉంటే పిల్లను నేను వాపసు తీసుకుపోతా. ఇంకా చిన్నదే, మంద దాన్ని చేర్చుకుంటుంది. నాలుగో నెల దాటితే చేర్చుకోదు, అప్పుడు అది యాడికీ కాకుండా పోతుంది.

కూతురు: ఇవ్వను. మెట్ల పక్క వసారాకు తడిక కట్టిస్తా, గొలుసు తీసేస్తా. మన్ను మూల కూడా తడిక లోపలికే వస్తుంది. మధ్యాహ్నం పక్కింటి కాలేజీ పిల్లోడు వచ్చి గంటసేపు ఆడించి పోతాడు, అడుగుతా. కొరికేదానికి ముళ్లు లేని కట్టె వేస్తా. నువ్వు మాత్రం నీ కుక్కలన్నిటికీ టీకా వేయించు.

చిన్నాయన: జూలై ఆరో తేదీ ఊరికే వేస్తారంట కదా.

కూతురు: వేస్తారు, పాశ్చర్ 1885లో మనిషికి మొదటి రేబిస్ టీకా వేసిన రోజని. కానీ జూలై దాకా ఆగొద్దు. అప్పటికి నీ మంద ఏ చేన్లో ఉంటుందో నీకే తెలియదు. వచ్చే సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి తోలుకురా.

చిన్నాయన: తోలుకొస్తా. తడికకు వెదురు కూడా తెస్తా. కానీ నా కుక్కల్లో పెద్దది కొత్త చెయ్యి పడితే ఊరుకోదు. మూతి కట్టాల్సి వస్తుంది.

కూతురు: ఒక్కసారిగా కట్టొద్దు, భయపడుతుంది. ఈ రోజు నుంచే మొదలుపెట్టు. గుడ్డ దాని మూతి దగ్గరికి తెచ్చి ముక్క పెట్టు. రేపు గుడ్డ తగిలించి పెట్టు. సోమవారానికి కట్టినా ఊరుకుంటుంది.

చిన్నాయన: నేను పెట్టాల్నా?

కూతురు: నువ్వే పెట్టాలి. దానికి తెలిసిన చెయ్యి నీదే.

చిన్నాయన: గుడ్డు కాదు గాని, సంగటి ముద్ద చేసి పెడతా. మాపటి దాకా ఆగకుండా.